పెరుగన్నంలో కలిపిన మాత్ర

మా అన్నయ్య ఒక ఏడాది పాటు ఇంట్లో తొక్క ఉన్నవే తిన్నాడు. చక్కెరకేళీ అరటిపళ్ళు, పెంకు వలవని ఉడికించిన గుడ్లు, తనే కత్తి పట్టుకుని కొట్టుకున్న కొబ్బరిబొండాలు. గుడ్డు కూడా ముందు వెలుతురులో తిప్పి చూసుకుని, ఎక్కడా పగులు లేదనుకున్నాకే వలిచేవాడు. అమ్మ కంచం పెడితే దాని ముందు కూర్చుని, లేచి వెళ్ళిపోయేవాడు. మంచినీళ్ళు సైతం వీధి కుళాయి దగ్గర తనే పట్టుకునేవాడు.

ఊళ్ళో అందరూ అది అనుమానం జబ్బు అన్నారు. మేమూ అదే అన్నాం. ఆసుపత్రి కాగితంలో కూడా, ఇంట్లోవాళ్ళు తన తిండిలో ఏదో కలుపుతున్నారని అనుమానిస్తున్నాడు, అని జబ్బు లక్షణాల కింద రాశారు.

కాని ఆ పెరుగన్నంలో నిజంగానే మందు ఉంది. కలిపింది నేను.

ఈ మాట రాయడానికి చాలా ఏళ్ళు పట్టింది. మానసిక వైద్యం పొందేవాళ్ళ హక్కులంటే పెద్ద ఆసుపత్రుల్లో, కోర్టుల్లో తేలే సంగతి అనుకునేదాన్ని. అది మా వంటింట్లో, రుబ్బురోలు పక్కన, నేను చెంచా వెనకవైపుతో మాత్ర నలిపిన చోట మొదలైందని ఇప్పుడు అనుకుంటున్నాను. అక్కడి నుంచే రాస్తాను.

మాది కోనసీమ. అంబాజీపేటకి సైకిల్ మీద వెళ్ళొచ్చేంత దూరం. అన్నయ్య డిగ్రీ అయ్యాక అక్కడి కొబ్బరి మార్కెట్లో ఒక కొట్టులో గుమాస్తాగా చేరాడు. చిట్టా, ఆవర్జా, కొట్టు లెక్కల పుస్తకాలు రెండూ తనే రాసేవాడు. తన అంకెలు అచ్చు వేసినట్టుండేవి. కురిడీ (ఎండు కొబ్బరికాయ) ధర ఎంత, పచ్చికాయ వెయ్యికి ఎంత అని రైతులు ఫోన్ చేసి అడిగితే కాగితం చూడకుండా చెప్పేవాడు. 2014 ఎండాకాలంలో, 27 ఏళ్ళ వయసులో, ఆ మనిషికి ఎవరివో మాటలు వినపడటం మొదలైంది. రాత్రిళ్ళు లేచి కాలవగట్టు వెంట నడిచి లాకుల దాకా వెళ్ళిపోయేవాడు. నీళ్ళ దగ్గర నిలబడి ఎవరికో జవాబు చెబుతుండేవాడు.

నాన్న భయం కాలవ గురించే. ఒక రాత్రి అన్నయ్యని మావయ్య, ఇంకో ఇద్దరు కలిసి పట్టుకొచ్చి పశువుల పాకలో గుంజకి కట్టేశారు, కొబ్బరి మోకుతో. పదకొండు రోజులు. కొబ్బరి తాడు ఎంత గరుకుగా ఉంటుందో మా ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మణికట్టు మీద తోలు లేచిపోయి, చీము పట్టి, ఆ తర్వాత నల్లటి చారలు పడ్డాయి. పొడుగు చేతుల చొక్కా తప్ప ఇంకోటి తొడగడు ఈనాటికీ. ఆ పదకొండు రోజులూ అమ్మ గుంజ పక్కనే కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. మా ఇంట్లో కసాయివాళ్ళు ఎవరూ లేరు. ఎవరైనా అమ్మని మీరు మీ అబ్బాయి హక్కులు కాలరాస్తున్నారు అని ఉంటే ఆవిడకి ఆ మాటే అర్థమయ్యేది కాదు. కొడుకుని కాలవలో పడకుండా చూసుకుంటోంది, అంతే.

తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఏర్వాడి అని ఊరుంది. అక్కడి దర్గాకి పోతే మతి కుదురుతుందని నమ్మి తమవాళ్ళని తీసుకెళ్ళి వదిలేవాళ్ళు. చుట్టూ ప్రైవేటు శిబిరాలు పెరిగాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అందులో ఒక పాక అంటుకుంది. లోపలున్నవాళ్ళని గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోలేక 28 మంది కాలి చనిపోయారు. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా చదివాను. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మా పశువుల పాక కప్పు తాటాకు. మా వైపు ఎండాకాలంలో తాటాకు పాకలు అంటుకోవడం, వీధి వీధంతా బిందెలతో పరిగెత్తడం ఏటా చూసేదే. ఆ పదకొండు రోజులూ ఎండాకాలమే.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్లో ఒక్క మాటలో తేల్చేసింది: ఏ రకంగానూ, ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదు. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు పెట్టకూడదని చెప్పింది కూడా ఆ సెక్షనే. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 1987 చట్టం, దానికి ముందు 1912లో తెల్లవాళ్ళు చేసిన లూనసీ యాక్ట్. ఆ పాత చట్టాల్లో చాలా భాగం మనిషిని లోపల ఎలా పెట్టాలన్న దాని గురించే. కొత్తది లోపల పెట్టిన మనిషి దగ్గర ఏమేం తీసుకోకూడదో చెబుతుంది. నాకు ఈ తేడా ముఖ్యం.

ఎందుకంటే అన్నయ్య దగ్గర ఏమేం తీసుకున్నారో చూశాను. పాకలోంచి విప్పి కారెక్కించేటప్పుడు అత్తయ్యగారింటికి అని చెప్పాం. కారు పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ముందు ఆగింది. అన్నయ్య బోర్డు చదివాడు, నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత చూడటానికి వెళ్తే గుండు చేసి ఉంది. పేలు పడతాయని అందరికీ చేస్తామమ్మా అంది ఆయా. ఒంటి మీద ఆకుపచ్చ యూనిఫాం. ఫోన్ కౌంటర్లో పెట్టించుకున్నారు. ఏ ఇంజెక్షన్ ఇస్తున్నారని అడిగితే, "మీరు నిశ్చింతగా ఉండండి, మేం చూసుకుంటాం" అన్నారు. అన్నయ్య నన్ను అడిగింది ఒక్కటే: "చెల్లాయ్, నా జుట్టు ఎవరు తీయమన్నారే?"

ఎవరూ తీయమనలేదు. ఎవరూ వద్దనలేదు.

బలవంతంగా గుండు చేయకూడదు, తన బట్టలు తను వేసుకుంటానంటే యూనిఫాం తొడగకూడదు అని కొత్త చట్టం 20వ సెక్షన్లో రాసి ఉంది. అది మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది, పార్లమెంటులో కూర్చున్నవాళ్ళు గుండు గురించి ఎందుకు రాశారా అని. ఆ తర్వాత అర్థమైంది, దేశమంతా చాలామంది అన్నయ్యలు అదే ప్రశ్న అడిగి ఉంటారు. ఫోన్ మాట్లాడే హక్కు 26లో ఉంది. ఇచ్చే మందు ఏమిటో, దానివల్ల ఏ ఇబ్బందులు రావచ్చో తనకి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు 22లో ఉంది.

నలభై రోజులకి ఇంటికొచ్చాడు. మాటలు వినపడటం తగ్గింది. కాలవ వైపు వెళ్ళడం మానేశాడు. మేం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. మందు పనిచేసింది, అది కాదనను. కాని ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది, చొంగ కారేది, చేతులు వణికేవి. కొట్టుకి వెళ్ళి ఆవర్జా ముందు పెట్టుకుంటే ఏడు అంకె ఒకటిలా, సున్న పాములా వచ్చేవి. వారం చూసి షావుకారు, ఇంట్లో విశ్రాంతి తీసుకో బాబూ అన్నాడు. అన్నయ్య ఆ రోజు నుంచి మాత్ర వేసుకోవడం మానేశాడు. మేం దాన్ని మొండితనం అన్నాం. మందు మానేయడం కూడా ఆ జబ్బు లక్షణమేనని చుట్టుపక్కల అందరూ చెప్పారు. నువ్వు ఎందుకు వేసుకోవట్లేదు అని మాత్రం ఎవరం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు, అంకెలు రావట్లేదు అని.

అప్పుడు మొదలుపెట్టాం కలపడం. ఎవరో చెప్పారు, పెరుగన్నంలో అయితే తెలియదని. పెరుగు కాస్త పుల్లగా ఉంటే ఇంకా మంచిదని. ఆరేళ్ళు కలిపాను. పెళ్ళయి నేను రెండు వీధుల అవతలికి వెళ్ళాక కూడా రాత్రి పూట వచ్చి కలిపి వెళ్ళేదాన్ని, అమ్మకి కళ్ళు సరిగా కనపడవని. ఎంత లోపలికి వెళ్ళిందో, ఎంత కంచంలో మిగిలిందో తెలియదు. నాన్న ఒక్కడే వెళ్ళి చీటీ చూపించి మందులు తెచ్చేవాడు. అన్నయ్యని ఆ ఆరేళ్ళలో ఏ డాక్టరూ చూడలేదు.

2020లో ఒక రాత్రి ముద్ద మధ్యలో ఆగి, నాలుక మీద నుంచి తెల్లటి పలుకు ఒకటి తీసి కంచం అంచున పెట్టాడు. వేలితో నలిపి చూశాడు. అదే చూపు, ఆసుపత్రి బోర్డు చదివినప్పటి చూపు. ఆ మర్నాటి నుంచే అరటిపళ్ళు, గుడ్లు, బొండాలు. మందు పూర్తిగా ఆగిపోయింది. 2021లో మళ్ళీ మాటలు వినపడ్డాయి, మళ్ళీ ఆసుపత్రి. అప్పటికి కొత్త చట్టం వచ్చి మూడేళ్ళు. గుండు చేయలేదు, అంతవరకు నయం. ఫోన్ మాత్రం మళ్ళీ కౌంటర్లోనే.

ఇక్కడ చాలామంది నన్ను ఆపుతారు. ఆపారు కూడా. మా పక్కింటి పిన్ని అంది: "అనుభవించేవాళ్ళకి తెలుస్తుందమ్మా. చట్టం రాసినవాడు రాత్రి మూడింటికి కాలవగట్టు మీద పరిగెత్తాడా?" ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. పరిగెత్తింది మా నాన్నే. ఈ జబ్బున్న ఇంటికి మన దగ్గర సాయం చేసేవాళ్ళు లేరు. 2015-16లో బెంగుళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం రకరకాల మానసిక జబ్బులున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. మా వైపు నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి పోయి రావడమంటే ఒక రోజు కూలి పోవడం. "వీణ్ణి విశాఖ పంపాలిరా" అన్న మాట మా చిన్నప్పుడు బళ్ళో తిట్టు. అక్కడి చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెప్పకుండానే అందరికీ అర్థమయ్యేది. ఆ సిగ్గు వల్ల మొదటి ఆరు నెలలు ఎవరికీ చెప్పం, తాయెత్తులు కడతాం, ఆ తర్వాత చేయి దాటిపోయాక తాడు పట్టుకుంటాం.

కాబట్టి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరినీ ఏమీ చేయొద్దని నేను అనడం లేదు. చట్టమూ అనలేదు. ప్రాణాపాయం ఉంటే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయొచ్చు. తనంతట తను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని, ఒక మానసిక వైద్యుడు, ఇంకో నిపుణుడో డాక్టరో విడివిడిగా చూసి అవసరమని తేలిస్తే, 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. కాని ఆ చేర్చుకున్న సంగతి 7 రోజుల్లోగా, ఆడవాళ్ళయితే 3 రోజుల్లోగా, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలియజేయాలి. ఆ మనిషి తన నిర్ణయం తను తీసుకునే స్థితికి వచ్చాడా అని ప్రతి 7 రోజులకి మళ్ళీ చూడాలి. నాకు ఈ లెక్క నచ్చింది. ఈ రోజు తోచని మనిషికి వచ్చే వారం తోచవచ్చు అని చట్టం నమ్ముతోంది. మేం నమ్మలేదు. ఒక రాత్రి భయపడ్డాం, ఆ భయంతో ఏడేళ్ళు నడిపించాం.

మా తప్పు అక్కడే ఉంది. కాలవగట్టు నుంచి పట్టుకురావడం తప్పు కాదు. ఆ తర్వాత అతను బాగా ఉన్న రోజుల్లో, క్రికెట్ స్కోరు చెప్పిన రోజుల్లో, నా కూతురికి ఎక్కాలు నేర్పిన రోజుల్లో కూడా, ఒక్క పూట ఎదురుగా కూర్చుని అడగకపోవడం. సమ్మతి అంటే ఏమిటో చట్టంలో రాశారు: బలవంతం, బెదిరింపు, మోసం లేకుండా, లాభనష్టాలు అర్థమయ్యేలా చెప్పాక ఇచ్చేది. మోసం అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మన నిర్ణయం పక్కవాళ్ళకి తప్పుగా కనిపించినంత మాత్రాన మనకి నిర్ణయించుకునే శక్తి లేదని కాదు అని కూడా ఆ చట్టంలోనే ఉంది. షుగరున్న మా నాన్న మాత్రలు మానేసి ఆకురసాలు తాగినప్పుడు ఆయన అన్నంలో ఎవరమూ ఏమీ కలపలేదు. వాదించాం, అలిగాం, ఊరుకున్నాం.

మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. అన్నయ్య మొదటిసారి ఆసుపత్రి నుంచి రాగానే ఎకరం ముప్పై సెంట్ల కొబ్బరితోట పంపకం మాట లేచింది. పెద్దమనుషుల్లో ఒకాయన, మతిస్థిమితం లేనివాడికి వాటా ఎందుకండీ, పోషణ చూసుకుంటే సరిపోతుంది కదా అన్నారు. అందరూ తలలూపారు. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషి మతిస్థిమితం లేనివాడు అయిపోడు, కోర్టు తేల్చి చెబితే తప్ప, అని కొత్త చట్టం 3వ సెక్షన్లో స్పష్టంగా ఉంది. ఒకసారి వైద్యం చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో ఆ తర్వాత ఎప్పటికీ రోగి అనకూడదని కూడా ఉంది. ఇలాంటి తగాదా ఉన్నవాళ్ళు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్తే ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100 కి ఫోన్ చేసినా చాలు. మా నాన్న ఆ రోజు ఎవరి మాటా వినకుండా సమాన వాటా రాశాడు. చట్టం తెలిసి కాదు, న్యాయం తెలిసి.

2021 చివర్లో అన్నయ్య ఇంటికొచ్చిన పదో రోజున చెప్పేశాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "అన్నయ్యా, పెరుగన్నంలో నేనే కలిపాను. ఆరేళ్ళు" అన్నాను. చాలాసేపు కొబ్బరి ఈనె ఒకటి గోటితో చీరుతూ కూర్చున్నాడు. "అంటే నాకు పిచ్చి కాదన్నమాట, అది" అన్నాడు. అది అంటే ఆ ఒక్క అనుమానం. తన తలలో పుట్టిన వందల మాటల్లో ఏది నిజమో ఏది కాదో తేల్చుకోలేక నలిగిపోతున్న మనిషికి, నిజమైన ఒక్కదాన్నీ మేం అబద్ధమని చెప్పాం. ఏది నమ్మాలో తెలియని జబ్బుకి మేం చేసిన వైద్యం అది.

ఆ తర్వాత ప్రభుత్వాసుపత్రికి నేనూ తనూ వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. ఏడేళ్ళలో అన్నయ్యతో ఒంటరిగా మాట్లాడిన మొదటి డాక్టరు ఆయనే. లోపలికి పిలిచాక నాతో, "మీ అన్నయ్యకి హాలోపెరిడాల్ మందు పడలేదమ్మా, చేతులు వణికి లెక్కలు రాయలేకపోయారంట, ఎవరూ చెప్పలేదే?" అన్నారు. మందు మార్చారు. మోతాదు తక్కువతో మొదలుపెట్టి నెల నెలా పెంచారు. కొత్త మందుతో ఒళ్ళు పెరుగుతుంది, నిద్ర ఎక్కువ అని ముందే చెప్పారు. అన్నయ్య ఒక చిన్న పుస్తకంలో తేదీలవారీగా రాసుకున్నాడు, చిట్టా రాసినట్టు: ఈ రోజు ఒక మాత్ర, నిద్ర తొమ్మిది గంటలు, మాటలు రెండుసార్లు. ఆ పుస్తకం చూసి డాక్టరుగారు మోతాదు సరిచేసేవారు. హక్కులు, వైద్యం రెండూ ఎదురెదురు అనేవాళ్ళకి నేను ఆ పుస్తకమే చూపిస్తాను. అడగగానే వణుకు సంగతి బయటపడింది. అడగని ఏడేళ్ళూ వ్యర్థమయ్యాయి.

ముందస్తు ఆదేశం గురించి చాలామందికి తెలియదు. నాకూ అప్పుడే తెలిసింది. మనిషి బాగా ఉన్న రోజుల్లో, మళ్ళీ జబ్బు తిరగబెడితే తనకి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో రాసి పెట్టుకోవచ్చు, 5వ సెక్షన్ కింద. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, ఆ సమీక్షా బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి. అత్యవసర చికిత్సకి అది వర్తించదు. మిగతా సమయాల్లో డాక్టరో ఇంట్లోవాళ్ళో దాన్ని పాటించలేమనుకుంటే తమంతట తాము పక్కన పెట్టకూడదు, బోర్డుని అడగాలి. బోర్డులు అందరికీ అందుబాటులోకి రావాలి, అది ప్రభుత్వం చేయాల్సిన పని. చట్టంలో ఉన్న తలుపు మన జిల్లాలో తెరిచి లేకపోతే కాకినాడ నుంచో అమలాపురం నుంచో మనిషి ఎక్కడికి పోయి తడతాడు? అయినా రాసుకోవడం మాత్రం ఆపొద్దు. ఆ కాగితం రాయడానికి ఇంట్లోవాళ్ళు కలిసి కూర్చోవడమే మా ఇంట్లో ఏడేళ్ళుగా జరగని పని.

అన్నయ్య ఒక సాయంత్రం మొత్తం రాశాడు. అంకెలు వేసి రాశాడు, మళ్ళీ అచ్చు వేసినట్టే. తాడు వద్దు. గుండు వద్దు. హాలోపెరిడాల్ వద్దు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో కారు ఎక్కకముందే చెప్పాలి. తిండిలో ఏదీ కలపకూడదు. ఫోన్ నా దగ్గరే ఉంచాలి, రాత్రి పూట తీసుకుంటే పొద్దున ఇవ్వాలి. మేం మాట్లాడకుండా చదివాం. అమ్మ చదవలేదు, నేను చదివి వినిపించాను. తాడు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర నామినేటెడ్ ప్రతినిధి పేరు రాయాలి. తను నిర్ణయించుకోలేని స్థితిలో తన తరఫున నిలబడే మనిషి. బంధువే కానక్కర్లేదు, మైనరు కాకుండా, ఒప్పుకున్న ఎవరైనా సరే. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెడితే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. నా పేరే రాస్తాడనుకున్నాను. మార్కెట్లో తనతో పాటు పనిచేసిన, కొబ్బరికాయలు ఒలిపించే మేస్త్రీ పేరు రాశాడు. ఆయన పెద్దగా చదువుకోలేదు. కాని అన్నయ్య పాకలో ఉన్నప్పుడు చూడటానికి వచ్చి, ఎవరినీ అడక్కుండా మోకు కాస్త వదులు చేసి వెళ్ళాడట. ఆ సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

సాక్షిగా మాత్రం నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

ఇప్పుడు మాత్ర కంచం పక్కన చిన్న గిన్నెలో విడిగా ఉంటుంది, రేకుతో సహా. తనే చించుకుని వేసుకుంటాడు. ఒకటి రెండు సార్లు వద్దని పక్కన పెట్టాడు, ఎందుకో చెప్పాడు, మర్నాడు డాక్టరుగారికి ఫోన్ చేసి మాట్లాడుకున్నాడు. పెరుగన్నం ఇంకా తినడు. మొన్న సంక్రాంతికి నేను అడిగాను, ఆ కాగితంలో పేరు మారుస్తావా అన్నయ్యా అని. కాసేపు ఆలోచించాడు.

"ఇంకా కొన్నాళ్ళు ఆగవే చెల్లాయ్" అన్నాడు.